దేవసహాయం గారి తొంభై పర్సెంట్

దేవసహాయం గారు ఏ విషయమూ నూటికి నూరుపాళ్లు చెప్పరు. తొంభై దగ్గర ఆగిపోతారు. ఎందుకంటే, "మిగిలిన పది దేవునిది. దాంట్ల మనం ఏలు పెట్టొద్దు" అంటారు. మెట్టుగూడలో ఆయన సందుకు కొత్తగా వచ్చిన పాలవాడికైనా వారం తిరక్కుండా ఈ సంగతి తెలిసిపోతుంది. ఇక పక్కింటి రోసమ్మ టీచరుకు తెలియకపోవడం ఏమిటి? రెండిళ్లకూ ఒకటే గోడ.

రైల్వే సిగ్నళ్లలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. పొద్దున్నే మేడెక్కి మౌలాలి గుట్ట ఎంత మసగ్గా ఉందో చూస్తారు. ఫోన్లో వాతావరణం వార్త వింటారు. దానికి తన మోకాలి నొప్పి కలిపి, గేటుకు తగిలించిన నల్లబల్ల మీద సుద్దముక్కతో రాస్తారు: "ఎండ 90. సాయంత్రం ఉరుములు, మెరుపులు 40. ఈదురుగాలి 55."

రోసమ్మ లెక్కల టీచరుగా రిటైరైంది. ఊరుకోలేకపోయింది.

"మొత్తం నూట ఎనభై ఐదయింది. నూటికి మించి ఎట్ల అయితదన్నా?"

"మబ్బుకు లెక్కలు రావు చెల్లె."

పెళ్లినాడు కూడా ఇంతేనట. సుఖంలోనూ కష్టంలోనూ ఈమెను విడువకుందువా అని పాస్టరు అడిగితే, పెళ్లికొడుకు గుడి కిటికీలోంచి ఆకాశం చూసి, "తొంభై, అయ్యగారూ" అన్నాడట. ఆయన భార్య క్యారల్ ఈ కథ చెప్పినప్పుడల్లా, "ఆ మిగిలిన పది కోసమే నలభై ఏండ్ల సంది సూస్తున్న" అని ముగిస్తుంది.

ఇక గొడుగు. ఉగాది దాటితే చాలు, చంకలో నల్ల గొడుగు లేకుండా దేవసహాయం గారు గడప దాటరు. ఆయన దాన్ని తెరవడం మాత్రం సందులో ఎవరూ చూడలేదు. వాన కురుస్తున్నా సరే, "ఇది నిలబడే వాన అని గ్యారంటీ ఏంది?" అంటూ గొడుగును కోటు కింద దాచుకుని, తను నిలువునా తడిసి వస్తారు.

ఆయన అంకె చెప్పనిది ఒక్కసారే. కిందటి జూన్‌లో రోసమ్మ భర్త నతానియేలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, "ఇంటికొస్తడా అన్నా?" అని ఆమె అడిగింది. దేవసహాయం గారు ఆకాశం వైపు చూడలేదు. వెళ్లి టీ తెచ్చి చేతిలో పెట్టారు. రోసమ్మకు అర్థమైపోయింది. దేవసహాయం గారూ నతానియేలూ ఒకే డిపార్ట్‌మెంటులో కలిసి చేసిన స్నేహితులు మరి.

ఈస్టర్ దగ్గరపడింది. ముందురోజు సమాధులు కడిగి సున్నం వేసి, పండుగ తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగించడం వాళ్ల ఆచారం. నతానియేలు పోయాక ఇదే మొదటి ఈస్టర్. అందుకోసం రోసమ్మ నెల ముందే లావుపాటి కొవ్వొత్తి కొని పెట్టుకుంది. ఒక రహస్యం కూడా ఉంది. ఆరడుగుల నతానియేలుకు చీకటంటే భయం. అందుకే వరండాలో బల్బు ఎన్నడూ ఆర్పనిచ్చేవాడు కాదు. కరెంటు బిల్లు చూసి ఆమె ఎంత సణిగినా సరే.

పండుగకు వారం ముందు, మట్టల ఆదివారం నాడు గుడిలో ప్రకటనల వేళ దేవసహాయం గారు లేచి నిలబడ్డారు. "పండుగ పొద్దున ఈదురుగాలి అరవై. ఉరుములతోటి వాన నలభై. సమాధుల తోటల గడ్డి మోకాలెత్తు ఎండింది. అంటుకునే అవకాశం డెబ్బై."

పాస్టరు రోనాల్డ్ జాగ్రత్త మనిషి. అక్కడికక్కడే, "ఈసారి పూలు మాత్రమే. కొవ్వొత్తులు వద్దు" అనేశాడు.

గుడి బయటికి రాగానే రోసమ్మ ఆయన్ని పట్టుకుంది.

"నీ అంకెలతోటి నా దీపం ఆర్పితివి గదన్నా!"

"గడ్డి అట్లుంది చెల్లె. నేనేం చేసేది?"

"డెబ్బైని ఇరవై అంటే నీ సొమ్మేం పోయింది?"

"అబద్ధం రాస్తే ఎట్ల?"

ఆమె గిర్రున తిరిగి ఇంటిదారి పట్టింది. వారమంతా ఎడమొహం పెడమొహమే. కానీ బల్ల మాత్రం చూడకుండా ఉండలేదు కదా, దారి అటే. సోమవారం మంటల ప్రమాదం 70. మంగళవారం 55. గురువారానికి 30. లెక్కల టీచరుకు తల తిరిగింది. ఎండ రోజురోజుకూ ముదురుతోంది, చుక్క వాన లేదు. అంకె ఎట్లా దిగుతుంది?

శనివారం పొద్దున సున్నం బకెట్టుతో సమాధుల తోటకు వెళ్లి, గేటు దగ్గరే ఆగిపోయింది. తోటంతా గుండు కొట్టించుకున్నట్టుంది. గోడ పక్కన గడ్డి మోపులు, నడుమ నీళ్లు నింపిన డ్రమ్ములు రెండు. నతానియేలు సమాధి పక్కన, లుంగీ ఎగగట్టి, కొడవలితో దేవసహాయం గారు. అరచేతులకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి.

"ఇదేందన్నా?"

"అంకె దించుతున్న చెల్లె. ఇప్పుడు ఐదు."

రోసమ్మ బకెట్టు కింద పెట్టింది.

"జెర ముందుగాల చెప్పొద్దా? వారమంతా నిన్ను తిట్టుకున్న."

"అయితదో కాదో! అరవై పర్సెంటే అనుకున్న." ఆయన కొడవలి వైపు చూస్తూ గొంతు తగ్గించారు. "నైట్ డ్యూటీల వాణ్ని సిగ్నల్ క్యాబిన్ దాంక నేనే తోల్కపోయెటోణ్ని. వానికి చీకటంటే పడదు. నీకు తెల్వదేమో."

తనకొక్కతెకే తెలుసనుకున్న రహస్యం! రోసమ్మకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

పాస్టరు వచ్చి చూసి సరేనన్నాడు. ఆదివారం తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగాయి. ఈదురుగాలికి దేవసహాయం గారు చెప్పిన అరవై నిజమైంది. గాలి లేచింది. రోసమ్మ కొవ్వొత్తి రెండుసార్లు ఆరింది. మూడోసారి వెలిగించి, చేతులు అడ్డం పెట్టి అడిగింది.

"నిలుస్తదా అన్నా?"

ఆయన ఆకాశం చూశారు. మెరిసింది. చంకలోంచి గొడుగు తీశారు.

"హండ్రెడ్ పర్సెంట్."

క్యారల్ నోరు తెరుచుకుంది. గొడుగు కూడా. దాని మడతల్లోంచి రెండు కలరా ఉండలు రాలిపడ్డాయి. గాలికి అడ్డంగా గొడుగు వంచి కూర్చున్నారాయన. మంట నిలబడింది. అంతలో వాన షురూ అయింది. జనం షెడ్డు కిందికి పరుగెత్తారు. గొడుగు కింద కొవ్వొత్తి, బయట దేవసహాయం గారి బట్టతల.

"నువ్వు సుత లోపలికి జరుగన్నా, తడుస్తున్నవ్!"

"నూరని చెప్పినంక జరిగితే ఎట్ల చెల్లె? దేవుని పది వాడుకున్న."

తెల్లారేదాకా కొవ్వొత్తి ఆరలేదు.

సోమవారం పొద్దున ఆయన మేడెక్కలేదు. బల్ల మీద మాత్రం గుండ్రటి టీచరు చేతిరాత ఉంది: "దేవసహాయం అన్నకు తుమ్ములు: 100."

తలకు తువ్వాలు చుట్టుకుని ఆయన బయటికొచ్చి చదివారు. నూరును చెరిపి తొంభై రాద్దామని సుద్దముక్క ఎత్తారు. తుమ్మొచ్చింది. వెంటనే ఇంకొకటి. గోడ అవతల రోసమ్మ నవ్వు వినబడింది. సుద్దముక్క జేబులో వేసుకుని, అంకెను అట్లాగే ఉండనిచ్చి లోపలికి పోయారు.