లోతుకు దిగని వేళ్లు

కట్టంగూరు బీరమ్మ పెరటిలోని ఎత్తుమడిలో మెంతి, కొత్తిమీర తప్ప మరేదీ వేయనీయదు. విత్తులు చల్లి అరచేత్తో మన్ను సర్దుతుంది; పార తగలనీయదు. ఈ యేడు కోడలు సుక్కమ్మ ముల్లంగి విత్తులు తెచ్చింది.

"వద్దు బిడ్డా, దాని ఏరు కిందికి దిగుతది."

"దిగితేనే గదత్తా, గడ్డ ఊరేది!"

"కింద మీ మామ ఉన్నడు."

రజాకార్లు ఊరిమీద పడిన నాడు భర్త గుర్వయ్యను ఇదే పెరట్లోని ధాన్యపు పాతరలో దాచి మూత పెట్టింది ఆమే. ముందు దీపం దింపి, అది ఆరితే మనిషి దిగకూడదన్నది ఇంటింటా తెలిసిన జాగ్రత్త. ఆ తొందరలో మరచింది. లోపలి చెడుగాలికి ఊపిరాడక చనిపోయినవాణ్ని, భయంతో అక్కడే పూడ్చారు. తరిమినవారిని ఎవరూ నిలదీయలేదు. ఆమె తననే నిలదీసుకుంటోంది.

సుక్కమ్మ విత్తులు కొంగున ముడివేసుకుంది. పొద్దుగూకగానే బీరమ్మ మడి గట్టున దీపం పెట్టి, అది ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టి కూర్చుంది.