తియ్యి, వెయ్యి

ఆ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలరు యంత్రం దగ్గర ఇద్దరు తోడికోడళ్లు పనిచేసేవాళ్లు. అందరూ వాళ్లని పెద్దకోడలు, చిన్నకోడలు అనే పిలిచేవాళ్లు. అత్తగారు పోయి చాలాకాలమైనా ఆ పదవులు మాత్రం పోలేదు. ఆసుపత్రులవీ హోటళ్లవీ తడి దుప్పట్లు ఇటునుంచి లోపలికెళ్లి, కాలే రోలర్ల మధ్య నలిగి, అటునుంచి అట్టల్లా బయటికొచ్చేవి. అప్పుడప్పుడూ ఒకటి మెలిపడి ఇరుక్కునేది. చిన్నకోడలు "తియ్యి" అని అరిచేది. పెద్దకోడలు స్విచ్ తీసేది. చిన్నది లోపల చెయ్యి పెట్టి, గుడ్డ లాగి, చెయ్యి బయటికి తెచ్చుకున్నాక "వెయ్యి" అనేది. పెద్దది స్విచ్ వేసేది. ఏళ్లతరబడి ఒక మనిషి వేళ్లు ఆ రెండు మాటల పూచీ మీదే ఉన్నాయి.

పెద్దకోడలికి కడుపులో కేన్సరు వచ్చింది. ఆపరేషన్ చేశారు, కీమో ఎక్కించారు, గడ్డ పోయింది. రాలిన జుట్టు మళ్లీ మొలిచింది, మళ్లీ పనిలో చేరింది. "బతికి బయటపడ్డావు, అదే పదివేలు" అన్నారు చూడ్డానికొచ్చినవాళ్లంతా. అనేవాళ్లకి హాయిగానే ఉంటుంది. చిక్కంతా అనిపించుకున్నవాళ్లకే. ఆ మాట విన్నాక ఇంకో బాధ చెప్పుకోవడానికి నోరు రాదు.

ఆవిడ బాధేమిటంటే చెవుల్లో ఒక సన్నటి కూత, ఆగకుండా. యంత్రాల రొదే ఇంటిదాకా వెంటబడి వస్తోందనుకుంది మొదట. తర్వాత మనుషుల మాటలకి పళ్లూడినట్టయింది. గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు. ఒకరోజు భర్త స్నానాలగదిలోంచి తడితలతో తొంగిచూసి "సబ్బు అయిపోయింది" అన్నాడు.

"నిన్ననేగా జీతం తెచ్చావు! ఎక్కడ తగలేశావ్?"

ఆయన పడీ పడీ నవ్వాడు. ఆవిడా నవ్వింది. నవ్వుతూనే అరచేతులు చల్లబడడం గమనించింది.

చెవుల డాక్టరు దగ్గరికి ఎవరికీ చెప్పకుండా వెళ్లింది. అద్దాలగదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడగానే మీట నొక్కమన్నారు. అద్దం అవతల ఒకమ్మాయి శబ్దాలు పంపుతోంది. ఆ అమ్మాయి భుజం కదిలినప్పుడల్లా ఈవిడ మీట నొక్కేసింది. పరీక్షలో తప్పితే ఏమౌతుందో ఆవిడకే తెలియదు, భయం మాత్రం బడిపిల్ల భయమే.

ఆ అమ్మాయి తలుపు తీసుకుని లోపలికొచ్చింది. "ఆంటీ, కాపీ కొడుతున్నారా?" అని, కుర్చీని గోడవైపు తిప్పేసింది. గోడవైపు నుంచి ఏ శబ్దమూ రాలేదు.

"కీమో మందు వల్ల కొందరికి ఇలా అవుతుంది" అన్నాడు డాక్టరు. "చెవి లోపల సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి. తలమీది జుట్టు మొలిచింది గానీ, ఇవి మళ్లీ మొలవవమ్మా. చెవికి మిషన్ పెట్టుకుంటే కొంత నయం. పనిచేసే చోట మాత్రం ముందు చెప్పండి."

ఇంటికొచ్చి, ఎక్కడికెళ్లావని అడిగితే "చెవిలో గులిమట, తీసేశారు" అంది. నిజం చెబితే భర్త 'మళ్లీ వచ్చిందా' అని నోటితో అడగడు, కంచం ముందునుంచి లేచిపోతాడు. ఇల్లంతా ఈమధ్యే నిద్రపోవడం నేర్చుకుంది. ఇక లాండ్రీలో చెబితే మేస్త్రి గేటు చూపిస్తాడు.

కాబట్టి ఒక కిటుకు కనిపెట్టింది. మాట తెలియకపోతేనేం, వరస తెలుసు. మొదటి కేక తియ్యి, రెండో కేక వెయ్యి. ఈ లెక్క మీద రెండు నెలలు నెట్టుకొచ్చింది. స్విచ్ వేసిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టి, దుప్పటి తెల్లగా బయటికొచ్చేదాకా వదిలేది కాదు.

ఆరోజు ఆవిరి దట్టంగా ఉంది. దుప్పటి ఇరుక్కుంది. ఒక కేక. స్విచ్ తీసింది. చిన్నకోడలు మోచేతిదాకా లోపలికి పెట్టి లాగింది, రాలేదు. రెండోకొస పెద్దకోడలి వైపుంది.

"అక్కా, తియ్యి!" అంది, నీవైపు నుంచి లాగమని.

రెండో కేక. పెద్దకోడలు స్విచ్ వేసింది.

రోలరు కదిలింది. కెవ్వుమన్న అరుపు కూడా ఆవిడకి సగమే అందింది. ఆవిరిలో నోరు తెరిచిన ముఖం కనిపించి, స్విచ్ తీసేసింది. జాకెట్టు చెయ్యి మోచేతి దగ్గర చిరిగి రోలర్లలో ఉండిపోయింది. మనిషి చెయ్యి బయటికొచ్చింది. ఎర్రగా కమిలింది, వేళ్లు ఉన్నాయి. పెద్దకోడలు ఆ వేళ్లని ఒక్కొక్కటే పట్టుకుని చూసింది.

మేస్త్రి పరుగెత్తుకొచ్చి, స్విచ్ వైపు వేలు చూపిస్తూ ఆవిడ పక్కనే నిలబడి అరిచాడు. "ఈ స్విచ్ లూజుగా ఉందని ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నా. దానంతటదే పడుంటుంది."

తప్పించుకోవడానికి దారి అంత వెడల్పుగా తెరుచుకుంది. పెద్దకోడలు ఆ స్విచ్ వంక చూసింది. ఎవరో వచ్చి దాన్ని బాగుచేసి పోతారు. రేపు మళ్లీ దుప్పటి ఇరుక్కుంటుంది.

"స్విచ్ కాదు, నా చెవులు. రెండు నెలలుగా నాకు మాట తెలియట్లేదు. అంచనా మీద వేస్తున్నా."

చిన్నకోడలు ఆవిడ చెవి దగ్గరికే వచ్చి అరిచింది. "అంటే రెండు నెలలుగా నా చెయ్యి తీసుకెళ్లి నీ చెవిలో పెట్టి పనిచేస్తున్నానా?"

"భయమేసిందే."

"నీకు భయమేస్తే నా వేళ్లు పోవాలా? నీ మరిదికి చారు కాచడం కూడా రాదు. నువ్వొచ్చి నాకు ముద్దలు పెడతావా?" అని, చిరగ్గా మిగిలిన జాకెట్టు చేతితో ముక్కు తుడుచుకుంది.

మేస్త్రి బుర్ర గోక్కున్నాడు. "ఆఫీసులో చెప్పాలి. వాళ్లేమంటారో, నేనేం మాటివ్వలేను."

దుప్పటి ఇంకా రోలర్లలోనే ఉంది. పెద్దకోడలు స్విచ్ దగ్గర్నుంచి జరిగింది. "ఇలా వచ్చి నువ్వు నిలబడు. చెయ్యి నేను పెడతా."

రోలర్ల నోటి దగ్గర సెగ ముఖానికి కొట్టింది. చెవుల్లో కూత తప్ప ఏమీ లేదు. వెనకనుంచి ఎవరు ఏ మాటన్నా తెలియదు, ఇప్పుడు లోపలికి పోయేది తన చెయ్యి. ఇన్నాళ్లూ ఆ పిల్ల ఏ ధైర్యంతో చెయ్యి పెట్టిందో అనుకుంది.

చిన్నకోడలు ఏదో అంది. అందలేదు. అది తెలిసి ఆ పిల్ల రెండు చేతులూ స్విచ్ మీంచి తీసి, అరచేతులు కనపడేలా పైకెత్తింది.

ఆ అరచేతుల మీంచి చూపు తిప్పకుండా పెద్దకోడలు చెయ్యి లోపల పెట్టింది.