రెండో వరుస

బ్ర్నో నగరంలో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన వ్లాస్తిమిల్‌ని చూసి, ఇతని చేతిపని దేశదేశాల కంప్యూటర్లలో ఉందంటే ఎవరూ నమ్మరు. మోచేతుల దగ్గర అరిగిన స్వెట్టరు, ట్రాములో నిలబడి గసగసాల బన్ను తినే అలవాటు, ఎదుటివాళ్లు మాట పూర్తి చేయకముందే ‘కాదు’ అనే నోరు. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "మా అక్కకి నచ్చే పిల్ల దొరకలేదు" అనేవాడు. అక్క ఊరుకునేదా? "నాకు నచ్చారు రా. నువ్వే వాళ్లకి నచ్చలేదు" అనేది.

ఆ అక్క పేరు క్వేతా. పుట్టుకతోనే చూపు లేదు. నడివయసు దాటాక వినికిడి తగ్గుతూ తగ్గుతూ అది కూడా పోయింది. నోరు మాత్రం మిగిలింది, పదునుతో సహా. ఆమెకి ఏదైనా చెప్పాలంటే అరచేతిలో ఒక్కో అక్షరమే రాయాలి, లేదా బ్రెయిల్ పట్టీ కావాలి. కీబోర్డు ముందు పెట్టుకునే సన్నటి పెట్టె అది. తెరమీది అక్షరాలు దాని మీద చుక్కలై లేస్తాయి, వేళ్లతో తడిమి చదువుకోవాలి. ఒకసారికి ఒక్క వరుసే పడుతుంది, బొత్తాం నొక్కితే తర్వాతి వరుస వస్తుంది. వంటగది బల్లకి అటు తమ్ముడు టైపు చేసేవాడు, ఇటు అక్క తడిమి చదివి నోటితో జవాబిచ్చేది. సూప్‌లో ఉప్పు దగ్గర్నుంచి దేశ ప్రధాని దాకా దేనిమీదైనా పోట్లాడుకునేవాళ్లు.

ఆ పట్టీని నడిపే ప్రోగ్రాము వ్లాస్తిమిల్ రాసిందే. ‘వేలు’ అని పేరు పెట్టి, ఎవరైనా వాడుకోండని ఊరికే ఇచ్చేశాడు. దానికొక పద్ధతి పెట్టుకున్నాడు. ఎవరు ఏ మార్పు పంపినా కింద మూడు పేర్లుండాలి: రాసినవారు, తప్పు చెప్పినవారు, పట్టీ మీద పరీక్షించినవారు. మూడో పేరు లేకపోతే వెనక్కి పంపేవాడు. తను చేసిన మార్పులన్నిటి కింద ఆ మూడో పేరు ఒక్కటే ఉండేది, క్వేతా.

‘లీపా’ సంగతి కూడా చెప్పాలి. వేలమంది ఊరికే రాసిచ్చిన ప్రోగ్రాములను ఏరి, కూర్చి, ఒక్క మూటగా కట్టి జనానికిచ్చే వాళ్లు వీళ్లు. మా బ్ర్నోలోనే పెద్ద ఆఫీసు, గోడనిండా తమ పేరు. అత్త సొత్తు అల్లుడి దానం అంటారే, అచ్చంగా అదే. జనం లీపాకి దండాలు పెడతారు, లోపలున్నది ఎవరు రాశారో ఒక్కడికీ తెలియదు. మూట కట్టడం కూడా పనే, కాదనను. కానీ మూటలో చిరుగు కనబడితే తమ మూటలో మాత్రం కుట్టేసుకుని, నేసినవాడికి చెప్పకపోవడం ఏం మర్యాద? నేసినవాడు అదే చిరుగుతో ఇంకా నేస్తూనే ఉంటాడు.

ఆ మూటలో ‘వేలు’ కూడా ఉంది. అయినా వ్లాస్తిమిల్ వాళ్ల గడప తొక్కలేదు. క్వేతా కంప్యూటర్లో తన చేత్తో పెట్టిన ‘వేలు’ తప్ప ఇంకోటి ఉండకూడదు.

కొన్నాళ్లకి పట్టీకి ఒక జబ్బు పట్టుకుంది. అప్పుడప్పుడు బొత్తాం ఎంత నొక్కినా రెండో వరుస రాదు, మొదటి వరుసే అలా నిలబడిపోతుంది. కంప్యూటర్ ఆపి మళ్లీ పెడితే గానీ కదలదు. "నీ వేలు విరిగిందిరా!" అని అరిచేది క్వేతా. ఒక చలికాలమంతా వెతికాడు. ఇంకో చలికాలమూ వెతికాడు. జబ్బు ఎప్పుడొస్తుందో తెలిస్తే కదా, మందు వేయడానికి!

"యార్మిలా పట్టీ అసలు ఆగదటరా" అంది క్వేతా ఒకరోజు. యార్మిలా చూపులేనివాళ్ల సంఘంలో ఆమె స్నేహితురాలు. "దాని కంప్యూటర్లో లీపా ఉందట. ఒకసారి వెళ్లి చూడరాదూ?"

‘అది కొత్త పట్టీ, అందుకే ఆగదు’ అని టైపు చేశాడు. ‘నా ప్రోగ్రాముని నేనే వాళ్ల దగ్గర అడుక్కోవాలా?’

"అడుక్కోవద్దు, చూడమన్నాను. నీకూ నాకూ తేడా అదేరా వ్లాస్తా. నాకు కళ్లు లేవు, నువ్వు తెరవవు."

అతను నవ్వేశాడు. వెళ్లలేదు.

వసంతంలో క్వేతాకి గుండె నీరసించి ఆసుపత్రిలో చేర్చారు. మధ్యాహ్నాలు చూడనిచ్చేవాళ్లు. వ్లాస్తిమిల్ కంప్యూటర్నీ పట్టీనీ సంచిలో పెట్టుకుని రోజూ వెళ్లేవాడు. ఒకరోజు ఆమె పోట్లాడలేదు. "ఒరే, నిజం చెప్పు. నేను నీకు భారమయ్యానా?" అంది.

ఏనాడూ అడగని మాట. తిన్నగా జవాబివ్వడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఎప్పటిలాగే ముందు వేళాకోళం, వెనక అసలు మాట. ‘అవును, బండెడు భారం’ అని మొదలుపెట్టి, తలెత్తకుండా టైపు చేసుకుంటూ పోయాడు. అతని తెరమీద అంతా సవ్యంగానే కనబడుతోంది.

క్వేతా మొదటి వరుస చదివింది. బొత్తాం నొక్కింది. మళ్లీ నొక్కింది. అతను తలెత్తేసరికి ఆమె పట్టీ మీంచి చేయి తీసేసింది.

"సరేలేరా" అంది. అంతే. ‘నీ వేలు విరిగింది’ అనలేదు.

పట్టీ ఆగిపోయిందని అప్పుడు తెలిసింది అతనికి. కంగారుగా కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాడు. అది లేచేసరికి క్వేతా గోడవైపు తిరిగి నిద్రపోతోంది. అరచేతిలో రాద్దామని చేయి పట్టుకుంటే పిడికిలి బిగిసి ఉంది. నర్సు వచ్చి, "పడుకోనివ్వండి, వేళయిపోయింది. రేపు మాట్లాడుకోవచ్చు" అంది. రేపు చెబితే ఇద్దరూ కలిసి నవ్వుకోవచ్చులే అనుకుంటూ ట్రాము ఎక్కాడు. తెల్లారేసరికి క్వేతా లేదు.

ఆ తర్వాత అతన్ని తినేసింది ఒకటే ప్రశ్న. పట్టీ ఆగిందని ఆమెకి తెలుసా? లేక, జవాబంతా ఆ ఒక్క వరుసేననుకుని వెళ్లిపోయిందా?

చలికాలం మొదట్లో ఊళ్లో ఏటా జరిగే ప్రోగ్రాములవాళ్ల సభకి వెళ్లాడు. ఇంట్లో ఉండలేక వెళ్లాడంతే. వేదిక మీద ఆ పాత పంచాయితీయే: పేరున్న మూటలవాళ్లు మూలం రాసినవాళ్లకి ఇవ్వాల్సినంత ఇస్తున్నారా లేదా? "మేం లేకపోతే మీ ప్రోగ్రాములు జనానికి ఎలా చేరతాయి?" అన్నాడు లీపాలో పనిచేసే రాదిమ్ అనే కుర్రాడు. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు ఈలలు వేశారు.

భోజనాల వరుసలో ఆ రాదిమే వ్లాస్తిమిల్ని గుర్తుపట్టి, పళ్లెం పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. "వ్లాస్తిమిల్ గారూ! మీ ‘వేలు’ని లీపాలో చూసుకునేది నేనేనండీ. ఎంత బాగా రాశారండీ! ఒక్క ఆ రెండో వరుస రాని గొడవ తప్ప. అది కూడా కిందటేడే కుట్టేశాను లెండి, అరగంట పని."

వ్లాస్తిమిల్ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "మరి నాకు పంపలేదేం?"

"పంపాలనే అనుకున్నానండీ. కానీ అంతకుముందు ఒకసారి నేను పంపినదాన్ని మీరు తిప్పికొట్టారు కదా, పరీక్షించినవాళ్ల పేరు లేదని. నా దగ్గర పట్టీ లేదాయె. ఈ జబ్బు చెప్పింది, బాగైందని చెప్పింది మన ఊరావిడే, యార్మిలా గారు. ఆవిడ పేరు రాయొచ్చని నాకు తట్టలేదు. ఇంతలో ఆఫీసులో వేరే పని మీద వేశారు. మావాళ్లకి బాగైంది కదా, చాల్లే అనుకున్నాను. మీరైనా అడగలేదు కదండీ, అడగందే అమ్మయినా పెట్టదంటారు." నవ్వుతూనే అన్నాడు. "అవునూ, క్వేతా గారు ఎలా ఉన్నారు? ప్రతి మార్పు కిందా ఆవిడ పేరే చూస్తుంటాను."

"వసంతంలో పోయింది" అన్నాడు వ్లాస్తిమిల్. "ఆఖరి మాట సగమే చదివింది. రెండో వరుస రాలేదు."

రాదిమ్‌కి అర్థమైంది. ముఖం పాలిపోయింది. పళ్లెం ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. "నేను... ఒక్క ఉత్తరం ముక్క రాసి ఉంటే సరిపోయేది కదా" అని ఏడ్చాడు.

కోప్పడదామనే నోరు తెరిచాడు వ్లాస్తిమిల్. యార్మిలా ఇల్లు తన ఇంటికి రెండు ట్రాము స్టాపుల దూరమే. ఆ సంగతి గుర్తొచ్చి, కోపం ఎవరి మీద చూపాలో తేల్చుకోలేకపోయాడు. "ఇప్పుడు పంపు" అన్నాడు, "మూడు పేర్లతో."

సాయంత్రానికి వచ్చింది. నాలుగు వరుసల మార్పు. వ్లాస్తిమిల్ దాన్ని క్వేతా కంప్యూటర్లో పెట్టి, వంటగది బల్ల దగ్గర ఆమె కుర్చీలో కూర్చున్నాడు. మూడో పేరుగా యార్మిలా ఉంది, పద్ధతి ప్రకారం అది చాలు. అయినా ఆసుపత్రిలో టైపు చేసిన మాటలే మళ్లీ టైపు చేశాడు. తడబడుతూ, నెమ్మదిగా, పట్టీ మీద వేళ్లు పెట్టి చదివాడు.

‘అవును, బండెడు భారం.’

బొత్తాం నొక్కాడు. చుక్కలు దిగి, మళ్లీ లేచాయి.

‘ఆ బరువు దిగితే నేను గాలికి కొట్టుకుపోతాను అక్కా.’

ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. పట్టీ మీద తల పెట్టుకుని బావురుమన్నాడు.

తర్వాత కళ్లు తుడుచుకుని, యార్మిలా పేరు పక్కన తన పేరు రాసి, మార్పుని ‘వేలు’లో కలుపుకున్నాడు. పరీక్షించినవారి చోట అతను తన పేరు రాసుకోవడం అదే మొదలు.