నేను ఆపించిన రాగం

మార్టూరులో మా ఇల్లు గ్రానైట్ పాలిష్ యూనిట్ల వెనక సందులో ఉంది. పొద్దున మిషన్లు మొదలైతే సాయంత్రం దాకా రాయి కోసే మోత ఆగదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకి తల పగిలిపోయేది. తర్వాత అలవాటైపోయింది. మా ఆయన అక్కడే పాలిష్ మిషన్ మీద పని చేస్తారు. ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీద కూడా తెల్లటి రాతి పొడి ఉంటుంది.

మా అమ్మాయికి మాటలు రాలేదు. మూడేళ్లప్పుడు గుంటూరులో డాక్టరు గారు ఆటిజం అని చెప్పారు. మాట లేదు గానీ దానికి ఒక రాగం ఉండేది. పెదాలు మూసుకుని, ముక్కుతో, సన్నగా "మ్..." అని తీసేది. వెనక యూనిట్‌లో కోత మొదలైందంటే దాని శ్రుతి పట్టుకునేది. రంపం రాతిలోకి దిగేకొద్దీ ఆ మోత బరువెక్కుతుంది. దీని గొంతు కూడా అలాగే కిందికి దిగేది. మా ఆయన నవ్వేవారు.

"ఇవాళ ఏ రాయి పడిందో దీన్నడిగితే చెప్పుద్ది," అనేవారు.

కరెంటు పోయి మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగినా అది మాత్రం ఆపేది కాదు. సందులో వాళ్లకి ఆ రాగమే గుర్తు. "మీ పిల్ల లేచిందమ్మాయ్," అనేది పక్కింటి పెద్దమ్మ గోడ అవతల నుంచి, నాకంటే ముందే.

నేను పెళ్లికి ముందు నుంచీ తెలుగు టీచర్నే, ఇక్కడికొచ్చాక ఒక ప్రైవేటు స్కూల్లో చెప్పేదాన్ని. అమ్మాయికి ఐదేళ్లు నిండాక నా క్లాసులోనే వెనక బెంచీలో కూర్చోబెట్టుకోనిచ్చారు. నెల తిరక్కుండానే మిగతా పిల్లల తల్లిదండ్రులు వచ్చి అడిగారు. ఆ మోతలో పాఠం ఎట్లా వినపడుద్దండీ అని. హెడ్‌మాస్టరు గారు నన్ను పిలిచి, కుర్చీ చూపించారు. ఆయన ఏమీ అనకముందే నేను మానేస్తానని చెప్పేశాను.

ఆ తర్వాత నాలుగేళ్లు ఇల్లే. ప్రతి గురువారం దాన్ని తీసుకుని బస్సులో గుంటూరు వెళ్లడం, స్పీచ్ థెరపీ చేయించుకుని రావడం. అది తిన్నప్పుడు తినడం, నిద్రపోయినప్పుడు నిద్రపోవడం. పద్యం చదివి అర్థం చెప్పిన గొంతు, కూరగాయల బండివాడితో బేరానికి తప్ప ఎందుకూ పనికిరాకుండా పోయింది. ఇంటి దగ్గరుండి చేసుకునే పని ఏదైనా దొరికితే బావుండునని వెతుకుతుంటే, స్కూల్లో నాతో పనిచేసిన టీచరు ఒకావిడ ఫోన్ చేసింది. ఫోనులో ఒక యాప్ ఉంటుందట. అది చూపించిన తెలుగు వాక్యాలు చదివి రికార్డు చేసి పంపాలట. కంప్యూటరుకి తెలుగు నేర్పడానికట. టైమంటూ లేదు, వీలున్నప్పుడే చదవొచ్చు.

మొదటి వారం రికార్డింగులు విని, హైదరాబాదు నుంచి ఆ పని చూసే మేడమ్ ఫోన్ చేశారు.

"మీ ఉచ్చారణ చాలా బాగుందండి. ళ, ణ ఎంత స్పష్టంగా పలుకుతున్నారో! ఇలాంటి గొంతు కోసమే చూస్తున్నాం."

ఆ మాట విని వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఆ పని డబ్బు కోసమే చేశానంటే అబద్ధం. డబ్బు అవసరమే. కానీ ఎన్నో ఏళ్ల తర్వాత ఎవరో నా గొంతు బాగుందన్నారు. అది కూడా కావాల్సి వచ్చింది నాకు.

చిక్కల్లా నిశ్శబ్దంతోనే. వెనక ఏ చప్పుడూ పడకూడదు. యూనిట్లకి వారానికొక రోజు సెలవు. ఆ రోజే నా పని దినం. దర్శి దగ్గర మా పుట్టింటి చేలో పండిన పత్తితో అమ్మ కుట్టించి ఇచ్చిన బొంతలు ఉన్నాయి. వాటిని వంటింటి పక్క సామాను గదిలో నాలుగు గోడలకీ మేకులు కొట్టి వేలాడదీశాను. లోపల ఊపిరాడేది కాదు. చదువుతుంటే చెమట ఫోను మీద పడేది. మా ఆయన అమ్మాయిని బండి మీద ఎక్కించుకుని హైవే దాకా తీసుకెళ్లి, లారీలు చూపించి, మధ్యాహ్నానికి తీసుకొచ్చేవారు. అలా కొన్నాళ్లు బాగానే గడిచింది.

ఆ ఎండాకాలం యూనిట్లో పని తగ్గింది. సెలవు రోజు కూడా మా ఆయన వేరేచోట లోడింగుకి వెళ్లాల్సి వచ్చింది. అమ్మాయిని చూసేవాళ్లు లేరు. పక్కింటి పెద్దమ్మ దగ్గర వదులుదామంటే ఆవిడ ఇంటి నిండా మిరపకాయలు. బస్తాలు దింపించుకుని తొడిమలు తీస్తుంది. ఆ ఘాటుకి మా అమ్మాయి కళ్లు వాచేలా ఏడ్చింది. ఇంక ఇంట్లోనే ఉంచుకున్నాను. నేను బొంతల గదిలో ఉంటే, అది తలుపు బయట గోడకి వీపు ఆనించి కూర్చుని రాగం తీసేది. మిషన్లు లేని రోజు కాబట్టి దాని గొంతు ఇంకా పెద్దగా వినపడేది.

మేడమ్ మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి ఆ ఉత్సాహం లేదు.

"వెనక ఏదో మోత వస్తోందండి. చాలా వాక్యాలు వెనక్కి వచ్చేశాయి. ఫ్యాన్ గానీ ఆన్‌లో ఉందా?"

"మిషన్లండి. మా ఇంటి వెనకే ఉంటాయి," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. నా కూతురి గొంతుని నేను మిషన్ అని చెప్పాను.

ఆ తర్వాత దాన్ని ఆపే ప్రయత్నాలు మొదలుపెట్టాను. పెదాల మీద వేలు పెట్టి చూపించాను. ఊరుకుంటే బిస్కెట్ ఇచ్చాను. బిస్కెట్ తినేంతసేపు ఊరుకునేది, అయిపోగానే మళ్లీ మొదలు. అది నన్ను విసిగించాలని చేసేది కాదు. ఊపిరి తీసుకున్నట్టే దానికి ఆ రాగం.

ఒక సెలవు రోజు వచ్చిన వాక్యాలన్నీ ఫోనుకి చెప్పే ఆజ్ఞలు. లైటు వెయ్యి, ఫ్యాను తగ్గించు, అమ్మకి ఫోన్ చెయ్యి. ఒక్కోదాన్ని మామూలుగా, సంతోషంగా, అలసటగా, కోపంగా నాలుగు రకాలుగా చదవాలి. మధ్యలో "పాట ఆపు" అని వచ్చింది. మూడు రకాలూ చదివాను. మూడుసార్లూ వెనక మోత పడిందని యాప్ తిప్పికొట్టింది. మళ్లీ చదివాను. మళ్లీ తిప్పికొట్టింది. నాలుగోది కోపంగా చదవాల్సింది, బటన్ నొక్కి పట్టుకున్నాను. తలుపు అవతల రాగం పెరిగింది. నేను ఒక్క ఉదుటున తలుపు తీసి, దాని నోటి మీద అరచెయ్యి అదిమిపెట్టి, "పాట ఆపు!" అని అరిచాను.

చేతి కింద ఆ రాగం నాకు తగిలింది. చిన్న వణుకులాగా. తర్వాత ఆగిపోయింది.

ఫోన్ నా రెండో చేతిలోనే ఉంది. బటన్ మీద నుంచి అప్పటిదాకా వేలు తియ్యలేదు. తియ్యగానే వాక్యం వెళ్లిపోయింది. ఈసారి వెనక్కి రాలేదు.

ఆ రోజు మిగతా వాక్యాలన్నీ ఒక్క గంటలో చదివేశాను. అమ్మాయి గోడకి ఆనుకుని అలాగే కూర్చుంది, చప్పుడు చెయ్యకుండా. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, నాకు సంతోషం వేసింది. హమ్మయ్య, అర్థం చేసుకుంది అనుకున్నాను. మర్నాడు మేడమ్ ఫోన్ చేసి, "కోపంగా చదివిన ఆ వాక్యం ఎంత సహజంగా ఉందోనండి," అని మెచ్చుకున్నారు. థాంక్స్ అండి అన్నాను.

మూడో రోజు అన్నం తింటూ మా ఆయన చెయ్యి ఆపారు.

"ఏంటే, ఇది రాగం తియ్యట్లేదు?"

"పెద్దదవుతోంది కదండీ," అన్నాను. వెనక యూనిట్లో పెద్ద రాయి కోస్తున్నారు. అమ్మాయి పళ్లెంలోకి చూస్తూ తింటోంది.

గురువారం గుంటూరు వెళ్లాం. థెరపీ చేసే అమ్మాయి చిన్నది, పెళ్లి కూడా కాలేదు. మా దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎప్పటిలాగే ముందు తను రాగం తీసింది. మా అమ్మాయి అందుకోలేదు. మళ్లీ తీసింది. చాలాసేపు చూసి నా వైపు తిరిగింది.

"రాగం ఎప్పుడు ఆగిందమ్మా?"

"తనే మానేసిందండి."

"వాళ్లంతట వాళ్లు అట్లా మానరమ్మా." గొంతులో నిష్ఠూరం లేదు. "ఆ శబ్దంలోంచే 'మ' పట్టుకుందామని చూస్తున్నాను. పోయిన నెల నీళ్ల గ్లాసు చూసి రెండుసార్లు 'మ' అనబోతూ పెదాలు విప్పింది. మీకు చెబుదామనుకున్నాను, ఇంకొంచెం కుదిరాక చెబుదాంలే అని ఆగాను."

ఏమీ చెప్పకుండా దాన్ని తీసుకుని బస్సెక్కాను. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. మా అమ్మాయికి అవి చూడడం ఇష్టం. కిటికీకి ముఖం ఆనించి చూస్తూ కూర్చుంది. మార్టూరు వచ్చేదాకా దాని నోట్లోంచి ఒక్క చప్పుడు రాలేదు.

ఆ సాయంత్రం మా ఆయనకి మొత్తం చెప్పాను. చెయ్యి ఎలా అదిమానో కూడా చెప్పాను. ఆయన తిట్టినా బావుండేది. లేచి, ముఖం మీద రాతిపొడి కడుక్కుని, అమ్మాయి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పెదాలు మూసుకుని "మ్..." అని తీశారు. ఆయనకి శ్రుతి లేదు. అయినా రంపం దిగినట్టు గొంతు దించుతూ తీశారు.

అమ్మాయి ఆయన నోటి వైపు చూసింది. తర్వాత తన చెయ్యి ఎత్తి, తన నోటికే అడ్డం పెట్టుకుంది.

మా ఆయన లేచి బయటికి వెళ్లిపోయారు. సందు చివర నిలబడి ఉండడం కిటికీలోంచి కనిపించింది. నేను పిలవలేకపోయాను.

మర్నాడు బొంతలు తీసేశాను. మేడమ్‌కి ఫోన్ చేసి, చదివే పని మానేస్తానని చెప్పాను.

"ఏమైందండి? ఇప్పుడు చాలా బాగా చదువుతున్నారు కదా."

"అప్పుడు మీకు వినపడిన మోత మిషన్ కాదండి. మా అమ్మాయి," అని జరిగింది చెప్పాను.

"ముందే చెప్పాల్సిందండి," అన్నారు.

"ఆ కోపంగా చదివిన వాక్యం తీసేయిస్తారా?"

"కనుక్కుంటానండి," అన్నారు. రెండు రోజుల తర్వాత మెసేజ్ పెట్టారు. అది పైకి వెళ్లిపోయిందట, తియ్యడం తన చేతుల్లో లేదట. దాంతో పాటే వేరే పని ఇస్తానని రాశారు. ఇతరులు మాట్లాడిన రికార్డింగులు విని, తెలుగులో టైప్ చేసి పంపాలి. దానికి నిశ్శబ్దంతో పని లేదు. ఇప్పటికీ ఆ పనే చేస్తున్నాను. మాటల మధ్యలో కుక్క అరిస్తే కుక్క అరుపు అని, పిల్లలు ఏడిస్తే ఏడుపు అని రాయాలి. ఏ చప్పుడూ వదలకూడదు.

ఏడాది దాటింది. అమ్మాయికి పదకొండేళ్లు వస్తాయి. ఒక్కసారి, చిలకలూరిపేట దాటాక, పాత బస్సొకటి ఎత్తు ఎక్కలేక మూలుగుతుంటే, నా పక్కన సన్నగా ఆ రాగం వినపడింది. ఆశగా దాని వైపు తిరిగాను. నా ముఖం చూడగానే ఆపేసింది. తిరక్కుండా ఉండాల్సింది.

థెరపీ అమ్మాయి ఇప్పుడు మాటకి బదులు చూపించే బొమ్మల కార్డులు నేర్పుతోంది. దాహమేస్తే మా అమ్మాయి నీళ్ల గ్లాసు బొమ్మ తెచ్చి నా ఒళ్లో పెడుతుంది. పెట్టి, నేను లేచేదాకా పక్కనే నిలబడుతుంది. నేను హెడ్‌ఫోన్స్ తీసి, గ్లాసు నింపి ఇస్తాను. తాగి, గ్లాసు నా చేతికిచ్చి, కార్డు తీసుకెళ్లి దాని డబ్బాలో జాగ్రత్తగా పెట్టుకుంటుంది.