పెయింటు సెక్షన్‌లో పాలు

బీరువాలు తయారుచేసే ఆ షెడ్డులో, పెయింటు సెక్షన్ వాళ్ళకు పని మొదలయ్యే ముందు తలా ఒక గ్లాసు పాలు ఇస్తారు. పాలు తాగితే లోపలికి పోయిన రంగు కడిగేసినట్టు పోతుందని యజమాని నమ్మకం. పాలు దిగేది కడుపులోకి, రంగు తుంపర చేరేది ఊపిరితిత్తుల్లోకి. రెంటికీ దారి ఒకటి కాదన్న చిన్న సంగతి ఆ నమ్మకానికి అడ్డు రాలేదు. పాలు ఇస్తున్నారు గనుక మాస్కులు కొనలేదు. ఎవరో తమ వాటాను ఇంట్లో పిల్లలకు పట్టుకుపోయారని తెలిశాక, సూపర్‌వైజర్ ఎదుటే తాగి గ్లాసు బోర్లించాలన్న నియమం కూడా వచ్చింది.

ఆ సెక్షన్‌లో రంగు కొట్టే ఒకామెకు పాలు పడవు. పాలలోని చక్కెర ఆమెకు అరగదని, మానేస్తే చాలని డాక్టరమ్మ చెప్పింది. ఇంట్లో మానడం తేలికే అయింది. టీకి బదులు డికాషన్. పెరుగు రెండు చెంచాలైతే ఫరవాలేదు, గిన్నెడైతే ప్రాణసంకటం. చుట్టాలింట్లో స్వీటు పెడితే, దేనితో చేశారో ముందే అడగడం. "మహారాణిగారికి పాలు పడవట!" అని ఆడపడుచు దెప్పినా నవ్వేసి ఊరుకునేది. షెడ్డులో ఆ నవ్వు చెల్లలేదు. తాగిన కాసేపటికే కడుపు ఉబ్బి, పేగులు మెలితిరిగేవి. మరుగుదొడ్డి తాళం సూపర్‌వైజర్ జేబులో ఉండేది.

"మళ్ళీనా? నిన్ను బీరువాలకి రంగెయ్యమన్నానా, దొడ్డికి కాపలా కాయమన్నానా?"

"నాకు పాలొద్దు, అన్నా. బదులుగా ఒక మాస్కు ఇప్పించు."

"ఊరికే పోస్తుంటే వద్దనేదాన్ని నిన్నొక్కదాన్నే చూశా. పర్మనెంటు అవ్వాలనుందా, లేదా?"

ఉంది. ఏళ్ళ తరబడి రోజుకూలీ మీదే స్ప్రేగన్ పట్టిన మనిషి. పర్మనెంటయితే జ్వరంతో పడుకున్న రోజుకూ జీతం వస్తుంది. అందుకే కళ్ళు మూసుకుని తాగేది. కడుపు ఖాళీగా ఉంటే బాధ తగ్గుతుందనుకుని పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చేది. బాధ ఇంకా పెరిగింది.

ఒకరోజు తనిఖీ అధికారి వచ్చాడు. "పాలిస్తున్నారా?" అని అడిగాడు.

"రోజూ సార్. నా కళ్ళముందే తాగిస్తా," అన్నాడు సూపర్‌వైజర్.

ఆమె చేతిలోని గ్లాసు కింద పెట్టింది. "నాకు పాలు పడవు సార్. కడుపు పాడైపోతోంది. మా అందరికీ మాస్కులు ఇప్పించండి."

అధికారి సూపర్‌వైజర్ వైపు తిరిగాడు. "పాలు పడని మనిషిని ఈ సెక్షన్‌లో ఎలా పెట్టారయ్యా? రేపు ఆవిడకేమైనా అయితే బాధ్యత ఎవరిది?"

మరునాడే ఆమెను ప్యాకింగ్‌లోకి మార్చారు. అక్కడ పర్మనెంటు ఉద్యోగాలు లేవు. ఆ నిర్ణయంలో తప్పు పట్టడానికి ఎక్కడా సందు లేదు: ఫిర్యాదు విన్నారు, కారణం విచారించారు, కార్మికురాలి ఆరోగ్యం కాపాడారు. మాస్కుల మాటను ఎవరూ కాదనలేదు. ఎవరూ మళ్ళీ ఎత్తనూ లేదు.

ఇన్నాళ్ళూ ఆమె పక్కనే రంగు కొట్టిన అక్క మధ్యాహ్నం వెతుక్కుంటూ వచ్చింది.

"నీకు పడకపోతే నోరు మూసుకుని పారబొయ్యాల్సింది కదే! ఇప్పుడు మా పాలు కూడా ఆపేస్తారేమో."

"పారబొయ్యనిస్తే కదక్కా! మాస్కులు మీక్కూడా అడిగాను."

"మాస్కేమన్నా కడుపు నింపుతుందా?"

అంటుండగానే ఆవిడకు దగ్గుతెర ముంచుకొచ్చింది. గోడ పట్టుకుని, వంగి ఉమ్మింది. ఆ ఉమ్మి బీరువాల బూడిదరంగులో ఉంది. ఇద్దరూ చూశారు. అక్క చెప్పుతో దానిమీదికి మట్టి తోసి, పెయింటు సెక్షన్‌లోకి వెళ్ళిపోయింది.