మొహర్రానికి ఇల్లు మారే మొహియుద్దీన్

మనిషి ఇంట్లో లేని వేళ చూసి అతని సామానంతా వీధిలో పెట్టించడం అన్యాయం. వానలో పెట్టించడం మరీ అన్యాయం. డెబ్భైల మొదట్లో విశాఖపట్నం కోట వీధిలో మొహియుద్దీన్‌కి ఆ రెండూ ఒకే రోజు జరిగాయి. ఆయన పోర్టులో కలాసీ. ఆ రోజు ఓడ మీద పనిలో ఉన్నాడు. ఇంటి యజమానికి సొంత తమ్ముడి కోసం ఇల్లు కావలసి వచ్చింది. చెప్పాపెట్టకుండా మంచం, పెట్టె, గిన్నెలు వీధి మధ్యకి వచ్చేశాయి. మొహియుద్దీన్ డ్యూటీ దిగి వచ్చేసరికి, భార్య మెహరున్నీసా చంటిపిల్లను కొంగులో చుట్టుకుని ట్రంకుపెట్టె మీద కూచుని తడుస్తోంది. వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

మొహియుద్దీన్ ఎవర్నీ తిట్టలేదు. మంచాన్ని ఒక్కడే నెత్తికెత్తుకుని, యజమాని గుమ్మం ముందు ఆగి, "ఇంకెప్పుడూ నన్నెవుడూ పంపనక్కర్లేదు బావా. ఇకమీదట నానే ఎల్తాను" అన్నాడు.

అన్నట్టే వెళ్ళేవాడు. ఏటేటా వెళ్ళేవాడు. అదే ఆయన పిచ్చి. ముస్లింల కొత్త సంవత్సరం వచ్చి మొహర్రం నెలవంక కనబడిందంటే, మర్నాడు పొద్దున్నే ఇల్లు ఖాళీ చేసేయాలి. ఇల్లు బాగున్నా సరే, యజమాని దేవుడైనా సరే. కొత్త సంవత్సరానికి ఒకరు ఉపవాసముంటారు, ఒకరు దానం చేస్తారు, ఒకరు చేసిన తప్పులకి తౌబా చేసుకుంటారు. మొహియుద్దీన్ ఇవన్నీ చేసి, ఆపైన ఇల్లు మారతాడు.

బంధువులు లబోదిబోమన్నారు. "సంతాపాల మొహర్రం నెల్లో ఎవరైనా మంచి పనులు పెట్టుకుంటారా?" అన్నారు. అత్తరు కొట్టు సిరాజ్ సాహెబు చదువుకున్నవాడు. ఆయన వేరే దారిన వచ్చాడు.

"హిజ్రత్ జరిగిందని కదా నువ్వు ఇల్లు మారడం? ప్రవక్తవారు మక్కా నుంచి మదీనాకి వెళ్ళింది ఈ నెలలో కాదయ్యా. లెక్క మాత్రం ఈ నెలనుంచి మొదలెట్టారు."

"నానూ లెక్క నుంచే మొదలెడతన్నాను బావా" అన్నాడు మొహియుద్దీన్. "యేడాది పేరే హిజ్రీ, ఇల్లొదిలి ఎల్లడం. అలాటప్పుడు కదలకుండా కూకుంటే ఎలగ? ఈమానంటే, దేవుడి మీద నమ్మకమంటే, పెరుగులాటిది. ఒకే సట్టిలో ఉంచీసేవంటే పులిసిపోద్ది."

సిరాజ్ సాహెబు అప్పటినుంచి కొట్లో పెరుగన్నం తింటున్నప్పుడల్లా కొంచెం ఇబ్బందిపడేవాడు.

ఇళ్ళ యజమానుల బాధ వేరు. శ్రీరామ్మూర్తి గారని రిటైరైన బళ్ళో మాస్టారు. నెల మధ్యలో ఇల్లు ఖాళీ చేస్తానంటే ఆయనకి బుర్ర తిరిగిపోయింది.

"జనవరిలో వచ్చినావు. ఇంకా డిసెంబరే అవలేదు. యేడాదైపోనాదంటావేటి?"

"మాది సంద్రుడి యేడాది బావా. పదిరోజులు ముందే వచ్చెత్తాది. ఆ పదిరోజులూ నీకే ఒగ్గీసినాను, ఉంచుకో."

ఆ పదిరోజుల్నీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక శ్రీరామ్మూర్తి గారు చాలాకాలం అరుగుమీద ఆలోచిస్తూ కనిపించేవారు.

మొహియుద్దీన్ సామానులో ముఖ్యమైనది మంచం. మామగారిచ్చిన టేకు మంచం. అది ఏ గుమ్మంలోనూ పట్టదు. దాన్ని దింపాలంటే తలుపు రెక్కలు ఊడదీయాలి, లేదా కిటికీ. కలాసీలు నలుగురూ చేయివేసి "హైలెస్సా" అంటే, వీధిలో పిల్లలంతా "హైలెస్సా" అనేవారు. వన్‌టౌన్‌లో కొందరు మొహర్రం వచ్చిన సంగతి నెలవంకని చూసి కాదు, ఆ కేక విని తెలుసుకునేవారు.

ఆయన ఎప్పుడూ మంచి ఇల్లు తీసుకోడు. పెంకులు ఎగిరిపోయినదో, గోడ బీటలు వారినదో, ముంగిట్లో మురుగు నిలిచేదో వెతికి మరీ తీసుకుంటాడు. ఏడాది పొడుగునా ఆదివారాలు దాని మీదే. పెంకులు సర్దుతాడు, సున్నం వేస్తాడు, కాలువ తవ్వుతాడు. ఇల్లు కళకళలాడే వేళకి మంచం ఎత్తుతాడు.

"ఏడాదుండే కొంపకి ఇంత సోకేటయ్యా?" అని ఎవరైనా అడిగితే, "నానేడాదే ఉంటాను. ఇల్లు ఉంటాది కదేటి?" అనేవాడు.

ఒకసారి భీమునిపట్నం నుంచి బావమరిది వచ్చి, తెలియక పాత ఇంటికి వెళ్ళాడు. అక్కడివాళ్ళు కాళ్ళకి నీళ్ళిచ్చారు. చాప వేశారు. చేపల పులుసుతో కడుపునిండా అన్నం పెట్టారు. చెయ్యి కడుక్కున్నాక, "మీ అక్కోలు ఇల్లు మారిపోనారు బావూ, ముందే సెప్తే తినకుండా ఎలిపోతావని సెప్పలేదు" అన్నారు. బావమరిది ఆ తర్వాత విశాఖపట్నం ఎప్పుడొచ్చినా ముందు పాత ఇంటికే వెళ్ళేవాడు. అక్కడ పులుసు బాగుంటుందట.

ఈ మనిషంటే ఒళ్ళు మండేది ఒక్క వరహాలుకి. వరహాలు కుర్రవాడు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం తీసుకున్న ఊళ్ళలో వాళ్ళ ఊరూ పోయింది. నిర్వాసితులకి ఉద్యోగాలిస్తామన్నారు గానీ, ఎప్పుడో చెప్పలేదు. పోర్టులో రోజుకూలీకి వచ్చి మొహియుద్దీన్ ముఠాలో చేరాడు. పొమ్మంటే పోయినవాడు, ఎవరూ పొమ్మనకుండా ఏటేటా పోయేవాణ్ణి చూస్తే మండదూ?

"భాయ్, మా ఊరొగ్గీమని గవర్మెంటోడు సెప్తే ఏడుసుకుంటా వచ్చినాం. నీకెవుడు సెప్పినాడు?"

"నాకు నానే గవర్మెంటు బావా."

"తిన్నదరక్క సేత్తన్నావు."

"అరక్కపోతే మంచమెత్తు. బాగా అరుగుద్ది."

వరహాలు, వాళ్ళమ్మ జోగమ్మ మల్కాపురంలో తవిటయ్య అనే చుట్టం వరండాలో పడుకునేవారు. చుట్టరికం వరండా దాకానే. అది కూడా ఆ ఏడు వానలతో కరిగిపోయింది. వారం తిరిగేసరికి ఇంకెక్కడైనా చూసుకోమన్నాడు తవిటయ్య. వరహాలు తిరగని వీధి లేదు. ఎక్కడికెళ్ళినా ఒకటే పాట.

"ఉజ్జోగముందేటి?"

"వత్తాది."

"వచ్చేక రా. ఏవూరు మీది?"

"ఊరు లేదండి. ఉక్కు పేట్రీ కిందికెలిపోనాది."

"ఊరు లేనోడికి ఇల్లేటి!"

ఇల్లు దొరక్కపోతే తల్లిని అచ్యుతాపురం దగ్గర మేనమామ ఇంటికి పంపేయాలి. ఆ ఇంట్లో అత్త నోటికి ఊరంతా దడుస్తుంది. జోగమ్మ ఇన్నాళ్ళూ భూమి పోయినందుకు ఏడ్చింది గానీ ఒకరి గుమ్మంలో మాటపడలేదు. ఇప్పుడు ఆ ముచ్చటా తీరబోతోంది. వరహాలుకి రాత్రుళ్ళు అన్నం సయించడం మానేసింది.

సరిగ్గా అప్పుడే మొహర్రం వచ్చింది. అందులోనూ అది మామూలు ఏడాది కాదు. హిజ్రీ లెక్కలో పద్నాలుగు వందల ఏళ్ళు నిండి, కొత్త శతాబ్దం మొదలవుతోందని సిరాజ్ సాహెబు కొట్లో అందరికీ చెబుతున్నాడు. ఆ మాట మెహరున్నీసా చెవిన పడింది. ఏడాది మారితే వీధి మార్చేవాడు, శతాబ్దం మారితే ఊరే మారుస్తాడేమోనని ఆమెకి గుండె ఆగినంత పనయింది.

ఎందుకంటే ఈసారి ఇల్లు ఆమె మనసుకి పట్టింది. చెంగల్రావుపేటలో గంగాలమ్మది. వచ్చినప్పుడు అది ఇల్లు కాదు, గోడలున్న వాన. ఇప్పుడు పైన పెంకులు చక్కగా ఉన్నాయి, పెరట్లో కుళాయి వచ్చింది, పొద్దుటే సముద్రపు గాలి వస్తుంది. మెహరున్నీసా జన్మలో మొదటిసారి ఒక సన్నజాజి పాదు పెట్టింది. అది పందిరెక్కి మొగ్గ తొడిగింది.

టిఫిను కారియరు ఇవ్వడానికి పోర్టు గేటు దగ్గరికి వచ్చి, ముఠా అంతా వింటుండగా చెప్పేసింది. "ఈ ఏడు మంచం కదల్దు. నాను కదల్ను. నీకంతగా ఎల్లాలనుంటే నువ్వెల్లు. ఈదులన్నీ నీయే."

మొహియుద్దీన్ కారియరు అందుకున్నాడంతే. వరహాలుకి ఆ పూట చాన్నాళ్ళకి సంతోషం కలిగింది.

"ఏటి గవర్మెంటూ, పడిపోనావా?" అన్నాడు.

"నీ సంగతి సెప్పు. మీ యమ్మని పంపీడం ఎప్పుడు?"

"రేపొద్దుటి బస్సుకి."

"అయితే మూటలు తీసుకుని నా ఇంటికి రా. తోపుడుబండి ఎలాగూ తెత్తన్నాను. రెండు పన్లకీ పనికొత్తాది."

మర్నాడు పొద్దున్న సన్నటి చినుకు. వరహాలు తల్లిని, చాపచుట్టనీ, గోనెమూటనీ తీసుకుని వెళ్ళేసరికి గుమ్మం ముందు జనం. ఏటేటా సామాను మోయడానికి వచ్చే ముఖాలే: చేపలమ్ముకునే చిట్టమ్మ, మొగుడు వదిలేసిన పోతమ్మ, ఆమె కొడుకులు, ఇంకా చాలామంది. వీళ్ళంతా కూలికొచ్చేవాళ్ళని వరహాలు ఇన్నాళ్ళూ అనుకున్నాడు. కూలి తీసుకోవడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

లోపల మెహరున్నీసా మంచం నడిమధ్యన బాసింపట్టు వేసి కూచుంది. నలుగురు కలాసీలు మంచం కోళ్ళు నాలుగూ పట్టుకుని, హైలెస్సా అనాలో వద్దో తెలియక నిలబడ్డారు. "మనిషితో సహా ఎత్తీమంటావేటి భాయ్?" అని ఒకడన్నాడు. ఆమె చూసిన చూపుకి వాడు కోడు వదిలేశాడు.

జోగమ్మ లోపలికి రాలేదు. వీధిలోనే, చినుకుల్లో, మూటమీద కూచుంది.

"అలా తడుత్తావేటి అప్పా, లోనికి రా!" మంచం మీంచే కేకేసింది మెహరున్నీసా.

"వద్దులేమ్మా. బస్సుకెల్లాల. నాను ఎవులింటికీ అడ్డం కాను."

"ఏవూరెల్తన్నావు?"

"తమ్ముడింటికి. ఇక్కడెవులూ ఇల్లియ్యలేదు."

మెహరున్నీసా ఆమెనీ, ఆమె కింద తడుస్తున్న మూటనీ చూసింది. తర్వాత మొగుడి వంక చూసింది. మొహియుద్దీన్ పైకప్పు పెంకులు లెక్కపెడుతున్నట్టు నటిస్తున్నాడు. ఆమె మంచం దిగి, పైట బిగించి, చీపురు అందుకుంది.

"ఏటలా నిలబడిపోనారు? ఎత్తండి."

"రానన్నావు గదా?" అన్నాడు మొహియుద్దీన్.

"అన్నాను. ఇప్పుడొత్తన్నాను. నీకు తెలుగు రాదా?"

ఆవిడ గోనెమూట తీసుకెళ్ళి వంటింట్లో పెట్టింది. జోగమ్మని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. వరహాలుకి ఏం జరుగుతోందో అర్థమయ్యేలోగా ఇంటామె గంగాలమ్మ పరుగున వచ్చింది.

"ఇదేటి, నా ఇంట్లో కొత్తోల్లని దింపుతన్నావా? ఆ గుంటడికి ఉజ్జోగం లేదంట. ఊరూ లేదంట!"

"గంగాలమ్మా," అంటూ బుట్ట దించింది చిట్టమ్మ. "నాకూ ఎవులూ ఇల్లియ్యలేదు. సేపల కంపన్నారు. ఈ సాయిబు తానున్న ఇల్లు కాళీ సేసి, ఓనరు కాళ్ళావేళ్ళా పడి నన్నెట్టినాడు. శ్రీరామ్మూర్తి మేస్టారి ఇల్లది. పోయి అడుగు, ఒక నెలైనా అద్దె ఆపినానేమో."

"మొగుడొగ్గీసిందానివని నన్ను గుమ్మం ఎక్కనియ్యలేదు," అంది పోతమ్మ. "కురుపాం మార్కెట్టు ఎనకాల, ఈయన కాళీ సేసిన ఇంట్లోనే నా పిల్లలు పెరిగినారు."

ఒక్కొక్కరూ చెప్పారు. ఒక్కొక్కరిదీ ఒక్కో వీధి. ఆ గుంపంతా కలిస్తే మొహియుద్దీన్ వదిలేసి వచ్చిన ఇళ్ళన్నీ అక్కడ నిలబడ్డట్టే. భీమునిపట్నం బావమరిదికి చేపల పులుసు ఎవరు పెట్టారో కూడా అప్పుడే బయటపడింది. అందరూ ఆయన మంచాన్ని చూసి నవ్వారే గానీ, మంచం వెళ్ళిన తర్వాత ఆ గుమ్మంలోకి ఎవరు అడుగుపెట్టారో ఒక్కరూ తిరిగి చూడలేదు.

గంగాలమ్మ మెత్తబడింది గానీ ఒక అనుమానం మిగిలింది. "మరి పెంకులు కారితే ఎవుడెక్కుతాడు?"

"కబురెట్టు, నానెక్కుతాను" అన్నాడు మొహియుద్దీన్.

"ఆ జాజిపాదు ఎండిపోతే మాత్రం నానూరుకోను" అంది గంగాలమ్మ.

"నాను ముందూరుకోను" అంది మెహరున్నీసా, బయటికి నడుస్తూ. ఒక్క మొగ్గ కూడా తెంపలేదు.

వాళ్ళు వెళ్ళింది మళ్ళీ పెంకులెగిరిన కొంపలోకే. బండి వెనకే నడుస్తున్న సిరాజ్ సాహెబు వరహాలు భుజం మీద చెయ్యి వేశాడు. "మక్కా వదిలి వచ్చినవాళ్ళకి మదీనావాళ్ళు ఇళ్ళల్లో చోటిచ్చారు, అబ్బాయ్. వెళ్ళేవాళ్ళు ఒకరు, చోటిచ్చేవాళ్ళు ఒకరు. మావాడు రెండూ తానే చేస్తాడు. పెరుగు సంగతి మాత్రం ఇప్పటికీ నాకు నచ్చలేదు."

ఆ తర్వాత ఏటా మొహర్రానికి మంచం ముందు కోడు వరహాలుదే. ఇంకెవరైనా పట్టుకుంటే కొట్లాటకి దిగేవాడు. పోర్టులో ఎవడైనా "మీ సాయిబుకి తిక్క" అంటే, "ఆ తిక్క నీ వంశంలో ఒక్కడికైనా ఉందేటి?" అని లేచేవాడు. జోగమ్మ మాటపడకుండా బతికింది. జాజిపందిరి వీధిలోకి వాలింది.

ఎనభైల చివర్లో వరహాలుకి ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చింది. వెనకే ఉక్కునగరంలో క్వార్టరూ ఇచ్చారు. మొహియుద్దీన్ అప్పటికి రిటైరై, ఖరగ్‌పూరులో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. ఊరు విడిచే ముందు చెంగల్రావుపేట వచ్చాడు. వరహాలు ఆయనకి చెప్పాలని ఎన్నో మాటలు కూడబెట్టుకున్నాడు. వాటిల్లో మంచి మంచివి ఏరుకున్నాడు. కుర్చీ వేసి, గొంతు సవరించుకుని, "భాయ్, నువ్వు మాకు..." అని మొదలుపెట్టాడు.

మొహియుద్దీన్ కూచోలేదు. గుమ్మంలో నిలబడే ఇల్లంతా ఒకసారి చూసి, పెంకులు బాగున్నాయని తలాడించాడు.

"కోటర్సు ఇచ్చినారంట గదా బావా, శానా సంతోషం. మరి ఈ ఇల్లు ఎవులికిత్తన్నావు? తాపీగా ఆలోసించి సెప్తానంటే కుదర్దు. ఇల్లు దొరకని ఆడమనిషొకర్తె పిల్లల్నేసుకుని సందు సివర నిలబడుంది."