పసుపు అంటిన పీట

నా చిన్నప్పుడు బోధన్ దగ్గర మా ఊళ్లో బావి తవ్వుతుంటే గుమ్మడికాయంత రాయి బయటపడింది. పదిమంది పట్టి పైకి లాగారు. ఈ మాట చెబితే మా మనవరాలు "తాతా, పోయినసారి ఆరుగురు అన్నవ్" అని పట్టేసింది. నిజం చెప్పాలంటే దాన్ని మట్టి కుప్పలోంచి తీసుకున్నది నేనొక్కణ్నే. దోసిట్లో పట్టేంత రాయి. బయటంతా నల్లగా మొరటుగా ఉండేది. ఒక పక్క పగిలి నోరు తెరుచుకుంటే లోపల తెల్లటి స్ఫటికాలు మెరిసేవి. చెరుకు పండే చోట పుట్టినవాణ్ని కదా, నాకవి చక్కెర పలుకుల్లా తోచాయి. నాకి కూడా చూశాను. మట్టి రుచి తప్ప ఏమీ లేదు.

అప్పుడే మా బడిలో ప్రదర్శన పెట్టారు. ఇంట్లో వింత వస్తువేదైనా ఉంటే తెమ్మన్నారు. నాకు అంతకన్నా ఏం కావాలి? కానీ రాయి అడుగు గుండ్రం. ఎక్కడ పెట్టినా దొర్లి, ఆ చక్కెర మొహాన్ని కిందికి దాచేసుకునేది. చెరుకు బండ్లు చేసే మా తాత దగ్గరికి పోయి, దీని అడుగు చదునుగా చెక్కివ్వమన్నాను.

"రాయినెందుకు చెక్కుడు రా? అది ఎట్లున్నదో అట్లనే ఉండనీ. కట్టెకు చెప్దాం" అన్నాడు.

బండి చేయగా మిగిలిన తుమ్మ చెక్క ఒకటి తీశాడు. రాయి అడుగుకు తడి పసుపు పూసి చెక్క మీద అదిమి తీశాడు. ఎక్కడ పసుపు అంటిందో అక్కడ రాయి అడ్డం తగులుతోందన్న మాట. అంతమేరకే ఉలితో తీసి, మళ్లీ పసుపు పూసి, మళ్లీ అదిమేవాడు. పొద్దు గూకే వేళకు చెక్కలో రాయి అడుగు అచ్చు దిగినట్టు గుంట పడింది. రాయిని పెడితే బిడ్డ తల్లి ఒళ్లో ఒదిగినట్టు కూర్చుంది. ఇక పసుపు ఆరాలని, రాయిని ఆ పీట మీదే తలకిందులు చేసి అరుగు మీద పెట్టాడు.

తెల్లారి లేచేసరికి ఊరు ఊరంతా మా అరుగు ముందు ఉంది. సరే, ముగ్గురు ఆడవాళ్లు. అందులో ఒకామె మజ్జిగ కోసం వచ్చింది. మా పక్కింటి అక్క మాత్రం రాయికి కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చేతులు జోడించి నిలబడింది. ముందు రోజు ఆమె బర్రె చెరుకు తోటల్లో తప్పిపోయింది. వేకువనే వెతకబోతూ, మా అరుగు మీద పీటెక్కి కూర్చున్న పసుపు రాయిని చూసి మొక్కుకుంది. మొక్కి తిరిగేసరికి బర్రె వెనకాలే నిలబడి అరిచిందట.

నేను రాయి కోసం చెయ్యి చాపాను.

"ముట్టకురా పోరగా! దేవుని మీద చెయ్యేస్తవా?"

"అక్కా, గది నా రాయే!"

"నిన్న నీదే. ఇయ్యాల గాదు."

నా బుర్ర తిరిగిపోయింది. నిన్న సాయంత్రం దాకా రాయే కదా? మరి నేను నాకింది ఎవరిని? రాయి అయితే బర్రె ఎలా వచ్చింది? దేవుడైతే బడికి వస్తాడా?

తాత వేపపుల్ల నములుతూ పెరట్లోంచి వచ్చాడు. పసుపు పూసింది తనేనని ఒక్క మాట అంటే నా రాయి నాకొస్తుంది. అనలేదు. అక్క మొహం చూశాడు, ఆమె గట్టిగా పట్టుకున్న బర్రె పలుపు చూశాడు. ఆ ఇల్లంతా ఆ పాల మీదే బతికేది. కాళ్లూ చేతులూ కడుక్కొచ్చి, రాయిని మెల్లగా పైకెత్తాడు. కింద పీట గుంటలో పసుపు నిగనిగలాడుతోంది.

"సూడుర్రి, దేవుడు పీటల దిగిండు. ఇగ పోరడు రాయి తీస్కపోవచ్చు."

అక్క వంగి చూసింది. "మరి బొట్టు రాయికున్నది గద బాపూ?"

తాత బొటనవేలితో బొట్టు తుడిచి పీటకు పెట్టాడు.

"బర్రె మల్ల తప్పిపోతే?"

"పీట ఏడికీ పోదు బిడ్డా, ఈడనే ఉంటది."

అలా నాకు రాయి దక్కింది, పీట పోయింది. బడికి దింపడానికి బయల్దేరుతూ తాత వెనక్కి తిరిగి, ఆ ఖాళీ పీటకు దండం పెట్టాడు. అప్పటికి అరుగు దగ్గర ఎవరూ లేరు. దారిలో అడిగాను, దేవుడు నిజంగానే దిగాడా అని.

"నాకేమెర్క రా. నడువ్" అన్నాడు.

ప్రదర్శనలో మొదటి బహుమతి నాదే. కాదులెండి, ఏ బహుమతీ రాలేదు. బల్ల మీద పెడితే దొర్లుతుందని, రాయిని దోసిట్లో పెట్టుకుని సాయంత్రం దాకా నిలబడ్డాను. చూసినవాళ్లంతా చేతులు గుంజుతలేవా అని అడిగారే తప్ప, రాయి గురించి ఒక్కరూ అడగలేదు. కానీ ఆ రాయి ఏ వైపు బరువో, ఎక్కడ ఆనితే నిలుస్తుందో నా అరచేతులకు తెలిసిపోయింది.

ఇప్పుడు నిజామాబాద్‌లో, రాళ్లు పోగుచేసే సరదా ఉన్నవాళ్లకు పీటలు చేసిస్తున్నాను. ఏ రాయి వచ్చినా ముందు కాసేపు దోసిట్లో పట్టుకు కూర్చుంటాను. తర్వాత అదే పసుపు, అదే ఉలి. పీట పూర్తయ్యాక, రాయి ఇంకా పెట్టకముందు, ఆ ఖాళీ పసుపు గుంట కనబడగానే నా చేతులు వాటంతటవే జోడవుతాయి. ఎవరికి మొక్కుతున్నావని మనవరాలు అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం, పెంచి చెప్పడానికి కూడా నా దగ్గర ఏమీ ఉండదు.